ముప్పై ఏడు లింకులు

"పది నలభై." స్వరూప వేలితో టేబుల్ మీద ఒకసారి కొట్టింది. "మిరుదొడ్డి మక్కచేన్ల ఎల్లవ్వ కాలికి రక్తపింజర కాటేసిన టైము. పది నలభై ఏడు. ఆమె బిడ్డ దేవిక ఫోన్‌ల ఎతికిన టైము. పది నలభై తొమ్మిది. నువ్వు పైకెక్కించిన సైటుల నంబరు చూసి ఫోన్ చేసిన టైము. ఇప్పుడు చెప్పు భానుప్రకాశ్, గా సైటు ఎవరిది?"

భానుప్రకాశ్ చేతులు కీబోర్డు మీద నుంచి జారి ఒళ్లోకి వెళ్లాయి. ముప్పై ఏళ్లు నిండని మనిషి. సిద్దిపేట పాత బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు మీది గదిలో కూర్చుని, ఊళ్లోని దుకాణాలకూ సంఘాలకూ వెబ్‌సైట్లు తయారు చేసి పెడతాడు. ఆ సైట్లు వెతికినవాళ్లకు ముందు వరుసలో కనబడేలా చూడటం అతని రెండో పని.

"ఏ సైటు మేడం?"

"నాగమూలిక. పాముకాటుకు చెట్టుమందు అని రాసి ఉంటది గదా, అది."

"నాకేం తెల్వది. గసొంటివి సవాలక్ష ఉంటయి."

స్వరూప తొందరపడలేదు. పధ్నాలుగేళ్లు పోలీసు శాఖలో రికార్డుల గది చూసి, హెడ్ కానిస్టేబుల్‌గా ఉద్యోగం వదిలేసి, డిటెక్టివ్ బోర్డు కట్టుకుని ఆరేళ్లయింది. వచ్చేవాటిలో ఎక్కువ పెళ్లి సంబంధాల ఆరాలే. ఈ కేసు మాత్రం వారం కిందట తల్లిని పోగొట్టుకున్న దేవిక తెచ్చింది. టైలరింగ్ నేర్చుకుంటున్న ఇరవై రెండేళ్ల పిల్ల. ఇప్పుడు తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

స్వరూప సంచిలోంచి నోట్‌బుక్ తీసి తెరిచింది.

"లింకు అంటే ఏందో నాకు సమజయ్యేటట్టు చెప్పు."

ఆ ప్రశ్నకు అతని భుజాలు కాస్త సడలాయి. తెలిసిన పని గురించి అడిగితే ఎవరికైనా నోరు వస్తుంది.

"ఒక సైటు ఇంకో సైటును చూపించుడు మేడం. గా మాట మీద నొక్కితే గాడికి పోతం. వెతికిపెట్టే యంత్రం గూడ దాన్ని చూస్తది. మంచి పేరున్న సైటు ఎవర్నన్న చూపిస్తే, వీడు నమ్మదగినోడే అనుకుంటది. గట్ల పది మంది చూపిస్తే పైకి తెస్తది."

"ఎన్ని ఉంటే అంత మంచిదా?"

"కాదు." అతను నవ్వినంత పని చేశాడు. "తెల్వనోళ్లు గట్లనే చేస్తరు. చెత్త సైట్లల వెయ్యి పెట్టేకంటే, పాత సైట్ల, పద్ధతిగ నడిచే సైట్ల ఒక్కటి పెట్టుడు నయం. సంబంధం ఉన్న ముచ్చట నడుస్తున్న కాడ పెట్టాలె. అన్ని జాగల ఒకటే మాట మీద పెట్టొద్దు, యంత్రానికి అనుమానమొస్తది. ఒక్కరోజే అన్నీ పెట్టొద్దు. వారానికి మూడో నాలుగో."

"బాగ చెప్పినవ్." స్వరూప నోట్‌బుక్ అతని వైపు తిప్పింది. "గీత కార్మికుల సంఘం సైటు. తాటిచెట్టు ఎక్కేటప్పుడు జాగ్రత్తలు అని ఒక వ్యాసం. అందుల 'పాము కరిస్తే' అనే మాట మీద లింకు. కూరగాయల రైతుల సైటు. చేన్ల పనికి పోయేటోళ్లకు సలహాలు. 'విషం దిగాలంటే' అనే మాట మీద లింకు. ఒక బడి పాత విద్యార్థుల సైటు. ఒక చర్చి సైటు. దర్జీల సంఘం సైటు. ఎవరు ఎవర్ని ఎప్పుడు చూపించిన్రో చెప్పే పాత లెక్కలు ఇంటర్నెట్‌లనే ఉన్నయి, మూడు రోజులు కూసోని చూసిన. మొత్తం ముప్పై ఏడు. పదకొండు వారాల్ల పెట్టిన్రు. వారానికి మూడో నాలుగో."

అతని నవ్వు మాయమైంది.

"నేను పెళ్లి సంబంధాల ఆరా తీసేదాన్ని భానుప్రకాశ్. పిలగాడు బంగారమని పది మంది చెప్పిన్రంటే సంతోషపడను. గా పది మంది ఎవరని చూస్త. పది మందీ పిలగాని మేనమామ ఇంట్ల కిరాయికి ఉండేటోళ్లయితే, అది పది మంది మాట కాదు. మేనమామ ఒక్కని మాట. ఈ ముప్పై ఏడు సైట్లోళ్లల్ల ఇరవై మందికి ఫోన్ చేసిన. లింకు సంగతి ఒక్కలకు గూడ ఎరుక లేదు. మా సైటు భానుప్రకాశ్ చూసుకుంటడు అన్నరు. ఇరవై మందీ."

భానుప్రకాశ్ టేబుల్ కిందికి చూస్తున్నాడు. ఒళ్లో ఫోన్ ఉన్నట్టుంది, బొటనవేలు కదిలింది. స్వరూప చూసీ చూడనట్టు లేచి గది పరిశీలించడం మొదలుపెట్టింది.

చూడటానికి పెద్దగా ఏమీ లేదు. రెండు కంప్యూటర్లు. తెల్లబోర్డు మీద ఈ మధ్యనే తుడిచిన గీతల మరకలు. కిటికీ పక్కన ఒక ఎరువుల దుకాణం వాళ్లు పంచిన గోడ క్యాలెండరు. క్యాలెండరు దగ్గర ఆమె ఆగింది. మే నెల పేజీ ఎత్తి చూసింది. తారీకుల కింద ఎర్ర చుక్కలు. జూన్. జూలై. పెదవులు కదలకుండా లెక్కపెట్టింది. ముప్పై ఏడు. ఆఖరి చుక్క జూలై ముప్పై ఒకటిన.

ఆగస్టులో ఎర్ర చుక్కలు లేవు. ఎల్లవ్వ పోయింది అయిదున, మంగళవారం. ఏడున సైటు మూయించారు. తొమ్మిది, శనివారం గడిలో మాత్రం నీలం పెన్నుతో '37' అని రాసి, చుట్టూ సున్నా చుట్టి ఉంది.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. స్వరూప క్యాలెండరు వదిలి వెనక్కి తిరిగింది. ఎస్సై చిరంజీవి లోపలికి వచ్చాడు.

"స్వరూపక్కా, ఏందిది? పౌరులను వాళ్ల ఆఫీసులకొచ్చి సతాయిస్తున్నవని స్టేషన్ నంబరుకు మెసేజ్ వచ్చింది."

శిక్షణలో ఉన్నప్పుడు రికార్డుల గదిలో ఆమె దగ్గరే ఫైలు కట్టడం నేర్చుకున్నవాడు. ఇప్పుడు భుజం మీద నక్షత్రాలున్నాయి.

"సతాయించుడు కాదు చిరంజీవీ, అడుగుతున్న."

"అడిగేందుకు ఏం లేదక్కా. చెట్టుమందు పోసిన భిక్షపతిని పట్టుకున్న. వైద్యం చేసే అర్హత లేదని కేసు పెట్టిన. సైటు మూయించిన. అయిపోయింది. నువ్వు పిలగాండ్ల సంబంధాలు చూసుకోక గిదంత ఎందుకు?"

దేవిక ముఖం ఎర్రబడింది. స్వరూప ఆమె వైపు చెయ్యి చూపి ఆపింది.

"భిక్షపతికి సదువు వస్తదా?"

"రాదు."

"సైటు ఎట్ల పెట్టిండు మరి?"

"ఎవల్తోనో పెట్టించుకున్నడు."

"సరే. అంబులెన్సు సంగతి చెప్పు." స్వరూప నోట్‌బుక్‌లో మరో పేజీ తీసింది. "పదకొండు ఇరవైకి వీళ్లు భిక్షపతి కొట్టం కాడికి పోయిన్రు. పన్నెండు అయిదుకు ఎల్లవ్వ చిగుళ్ల నుంచి నెత్తురు కారింది. పన్నెండు ఏడుకు అంబులెన్సు వాకిట్ల ఆగింది. బిడ్డా, అంబులెన్సును ఎవరు పిలిచిన్రు?"

"ఎవ్వలం పిలువలే." దేవిక తల అడ్డంగా ఊపింది. "నేను ఫోన్ తీసేలోపలే వచ్చింది. తెల్లబండి. పేరు గూడ లేదు. సర్కారు దవాఖానకు పోదమంటే డ్రైవర్ ఇనలే. ఏదో ప్రైవేటు దవాఖానకు పట్టుకపోయిండు. గాడ మా అవ్వకు ఊపిరి యంత్రం పెట్టిన్రు. ఒకటిన్నరకు..."



"భిక్షపతే పిలిచి ఉంటడు," అన్నాడు చిరంజీవి.

"వాని ఫోన్ నీ దగ్గరనే ఉన్నది గదా. గా రోజు వాడు ఎవలకన్న చేసిండా?"

చిరంజీవి జేబులోంచి తన ఫోన్ తీసి, స్టేషన్‌కు చేసి, కాల్ లిస్టు చదివించుకున్నాడు. వింటున్నకొద్దీ అతని కనుబొమలు దగ్గరకు వచ్చాయి.

"పోయిన ఫోన్లు లేవు," అన్నాడు చివరికి. "వచ్చింది ఒకటే. పది యాభై రెండుకు. సైటుల ఉన్న నంబరు నుంచే."

"అంటే సైటు నంబరు భిక్షపతిది కాదు. అది ఎత్తింది వేరే మనిషి. గా మనిషి వానికి బేరం పంపింది. అంబులెన్సును గూడ పంపింది. బండి సిద్దిపేట నుంచి రావాలంటే ఇరవై అయిదు నిమిషాలు. పన్నెండు ఏడుకు వచ్చిందంటే పదకొండు నలభై రెండుకే బయలెల్లింది. గప్పటికి ఎల్లవ్వ మంచిగనే మాట్లాడుతుండె. మనిషి చెడిపోతదని ముందే తెలిసి, బండి తోలిన్రు చిరంజీవీ. చెట్టుమందు ఎర. అసలు యాపారం బండి కిరాయిది, గా దవాఖాన బిల్లుది."

చిరంజీవి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

స్వరూప భానుప్రకాశ్ ఎదురుగా వచ్చి నిలబడింది. "శనివారం గడిల ముప్పై ఏడు అని ఎందుకు రాసుకున్నవ్?"

"అది... వేరే పని."

"గా రోజుకు సైటు మూసి రెండు రోజులైంది. మూసిన సైటుకు లింకులెందుకు?"

అప్పుడు దేవిక గోడ వదిలి ముందుకు వచ్చింది. తిట్టడానికని అందరూ అనుకున్నారు. ఆమె తిట్టలేదు.

"అన్నా, మా చేను కాడికెల్లి సర్కారు దవాఖానకు ఆటోల అరగంట. విషం దించే సూది గాడ ఉండె. గా సంగతి నాకు తర్వాత తెలిసింది. ఫోన్‌ల అన్నిటికంటే పైన ఉన్నదని నేను దాన్ని నమ్మిన. పైన ఉన్నదంటే పది మంది చూసి మంచిదన్నరు అనుకున్న. గంతే అన్నా. నేనే తీస్కపోయిన మా అవ్వను."

భానుప్రకాశ్ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. కంప్యూటర్ వైపు తిరిగి మాట్లాడాడు.

"ఇంకోటి ఉన్నది. గరుడసేవ అని. ఒకటి పోతే ఒకటి ఉండాలని నెల కింద్నే తయారు చేయించింది. శనివారం నాడు పాత లింకులన్నీ దాని మీదికి తిప్పిన. కొత్తగ పెట్టే పని లేదు, అడ్రసు మార్చుడే. మాపటీలి కూసుంటే రాత్రి లోపల అయిపోయింది."

"చేయించింది అంటివి. ఆడమనిషా?"

"ఫోన్లనే మాట్లాడుతది. ఎన్నడు చూడలే. చెట్టుమందుల దుకాణమనుకున్న మొదలు. పేపర్ల చదివినంక అడిగిన. భిక్షపతి దొంగోడు, గరుడసేవల మందిచ్చే ఆయన అసలైనోడు అన్నది. నమ్మిన. నమ్మితేనే పని నడుస్తది గదా."

"నేను సైటు మూయించిన!" చిరంజీవి లేచి నిలబడ్డాడు.

"దుకాణం బోర్డు పీకినవ్. తొవ్వలన్నీ అట్లనే ఉంచినవ్. వాళ్లు పక్క సందుల దుకాణం తెరిచి, తొవ్వలను గటు మళ్లిచ్చుకున్నరు," అంది స్వరూప. "దేవికా, గా రోజు ఏం రాసి ఎతికినవో, గదే మల్ల ఎతుకు."

దేవిక టైపు చేసింది. ఫోన్ తిప్పి చూపింది. అన్నిటికంటే పైన గరుడసేవ. పక్కనే కొత్త నంబరు.

గోడ గడియారం పది ఇరవై నాలుగు చూపుతోంది. స్వరూప తన ఫోన్‌లో ఆ నంబరు నొక్కి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టింది. రెండో రింగుకే ఎత్తారు.

"చెప్పమ్మా." ఆడగొంతు. మెత్తగా, దగ్గరి చుట్టంలా ఉంది. "ఏం భయపడకు. ఏ ఊరు?"

దేవిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అదే గొంతని తల ఊపింది.

"మిరుదొడ్డి అమ్మా," అంది స్వరూప రొప్పుతున్నట్టు. "మా మరదిని పాము కరిచింది. దవాఖానకు పోవాల్నా?"

"వద్దమ్మా, సూది వేస్తే కొందరికి పడది, పానం మీదికొస్తది. చిన్నకోడూరు తొవ్వల రైస్‌మిల్లు దాటినంక రేకుల షెడ్డు ఉంటది. గాడికి రాండ్రి. అయ్యగారు గాడనే ఉన్నడు. ఇప్పుడే ఒక చిన్నపిల్లను తీసుకొచ్చిన్రు, కట్టు గడుతుండు. మీరొచ్చేసరికి అయిపోతది."

ఫోన్ పెట్టేసింది.

చిరంజీవి ముఖం పాలిపోయి ఉంది. అయితే ముందుగా మెట్ల వైపు పరుగెత్తింది అతనే.

"పిల్ల గాడ ఉన్నది! నడువు అక్కా!"

గుమ్మం దగ్గర స్వరూప వెనక్కి తిరిగింది. "భానుప్రకాశ్, ముప్పై ఏడు లింకులు ఇప్పుడే మళ్లియ్యి. సర్కారు దవాఖాన, 108 నంబరు ఉన్న పేజీ మీదికి. దేవికా, ఒక్కోటి మార్చక ముందు ఫోటో తీయ్. సాక్ష్యం పోవద్దు. అన్నీ అయ్యేదాంక నువ్వు ఇక్కడి నుంచి కదలకు, ఈయనను కదలనియ్యకు."

"కదలనియ్య," అంది దేవిక. కుర్చీ లాగి అతని పక్కన కూర్చుంది. ఆ గదిలోకి వచ్చాక ఆమె కూర్చోవడం అదే మొదలు.

జీపు పది నలభైకి రేకుల షెడ్డు ముందు ఆగింది. లోపల మంచం మీద పదకొండేళ్ల పిల్ల. పేరు భవాని అని తండ్రి చెప్పాడు. పాదం వాచి నల్లబడుతోంది. మోకాలి కింద గుడ్డ బిగించి కట్టి, కాటు మీద ఆకుపసరు పూశారు. పసరు పూసిన మనిషి ఖాకీ బట్టలు చూసి వెనక తలుపులోంచి చేనులోకి దూకాడు. చిరంజీవి అటు వైపు రెండు అడుగులు వేసి ఆగిపోయాడు. వాణ్ని వదిలేసి పిల్లను రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాడు. స్వరూప ఆ క్షణంలో అతన్ని లోపల్లోపలే మెచ్చుకుంది.

తండ్రి అడ్డం వచ్చాడు. "సూది పడదట సార్! ఫోన్‌ల అన్నిటికంటే పైన గిదే వచ్చింది."

"పైన వచ్చింది గాదు, తెచ్చిన్రు," అంది స్వరూప అతని చెయ్యి పట్టుకుని. "నా మాట ఇను తమ్మీ. నీ బిడ్డ ఇంక మాట్లాడుతుంది. ఇప్పుడు పోతే బతుకుతది. బండెక్కు."

దారిలో ఆమె దవాఖానకు ఫోన్ చేసి సంగతి చెప్పింది. పదకొండు దాటి రెండు నిమిషాలకు జీపు గేటులోకి వచ్చేసరికి స్ట్రెచరు బయటే ఉంది. పదకొండు పన్నెండుకు విరుగుడు మందు ఎక్కించడం మొదలైంది. డాక్టరమ్మ బయటకు వచ్చి, సమయానికి తెచ్చారని, అయినా రేపటిదాకా కనిపెట్టుకుని ఉండాలని చెప్పింది. తండ్రి ఆమెకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

దేవిక ఫోన్ చేసింది. "ఇరవై తొమ్మిది అయినయి అక్కా. ఇంక ఎనిమిది. పిల్ల ఎట్లున్నది?"

"సూది ఎక్కుతుంది బిడ్డా. నువ్వు పని కానియ్యి."

అవతల ఏడుపు వినిపించింది. తర్వాత దేవికే, "ఇరవై తొమ్మిదోదాని ఫోటో సరిగ రాలేదు, మల్ల తీస్త," అని ఫోన్ పెట్టేసింది.

చిరంజీవి వరండా చివర ఒంటరిగా నిలబడి ఉన్నాడు. స్వరూప వెళ్లేసరికి టోపీ చేతిలో పట్టుకుని తిప్పుతున్నాడు.

"అక్కా, గా గొంతు నేను ఇదివరకే విన్న."

"ఎప్పుడు?"

"ఎల్లవ్వ పోయిన తెల్లారి పొద్దుగాల తొమ్మిదింటికి. పేరు చెప్పలే. భిక్షపతి ఎక్కడ దాక్కున్నడో చెప్పి పెట్టేసింది. పోయి పట్టుకున్న. నేనే పట్టుకున్న అని అందరికీ చెప్పుకున్న. ఆమె వాణ్ని నాకు అప్పజెప్పింది అక్కా. కేసు మూసింది నేను గాదు. ఆమెనే."

స్వరూప ఎత్తిపొడవలేదు. అందుకు సమయం లేదు.

"ఏ ఫోన్‌కు చేసింది? స్టేషన్‌దానికా?"

"లే. నా సొంత ఫోన్‌కు."

"గా నంబరు ఎందరి దగ్గర ఉన్నది?"

"కొత్తది అక్కా. వానలు మొదలైనప్పుడు తీసుకున్న. ఇంట్లోళ్లకు, మా స్టేషనోళ్లకు, మల్ల..." అతని చేతిలో టోపీ తిరగడం ఆగిపోయింది. "పాముకాటు సాయం అని వాట్సాప్ గ్రూపు పెట్టిన. ఊర్లల్ల ఎవరికన్న కాటేస్తే జల్ది దవాఖానకు చేర్చేటందుకు. పన్నెండు మంది సాయం చేసేటోళ్లు. అందుల ఆడోళ్లు ముగ్గురే."

"ఇంతకుముందు ఎల్లవ్వ సంగతి ఆ గ్రూపుల పెట్టినవా?"

"పెట్టిన. భిక్షపతి దొరకలేదు, ఎతుకుతున్నమని గూడ పెట్టిన."

"ఇయ్యాల ఈ పిల్ల సంగతి పెట్టినవా?"

"లే. ఎవ్వలకు చెప్పలే. స్టేషన్ల గూడ తెల్వది."

"గ్రూపు తెరువు."

అతను ఫోన్ తీసి తెరిచాడు. ఇద్దరూ తల దగ్గర పెట్టి చూశారు. పొద్దున ఎవరో పంపిన దండం బొమ్మ ఉంది. దాని కింద రెండు నిమిషాల కిందట వచ్చిన ఒకే ఒక్క మెసేజ్. పంపిన మనిషి బాలలక్ష్మి. ఊరూరా తిరిగి పాముల గురించి జాగ్రత్తలు చెబుతుందనీ, సొంతంగా రెండు అంబులెన్సులు నడుపుతుందనీ, తనతో ఎప్పుడూ మెసేజ్‌లలోనే తప్ప ఫోన్‌లో మాట్లాడలేదనీ చిరంజీవి చెప్పాడు. గ్రూపులో మొదట చేర్చుకున్నది ఆమెనే.

స్వరూప ఆ మెసేజ్ చదివింది.

'సార్, చిన్నకోడూరు పాపకు ఎట్లున్నది? ఏ వార్డుల వేసిన్రు?'